మధ్య గీత

అయోవా రాష్ట్ర హైస్కూల్ బాస్కెట్‌బాల్ కప్పు మా అమ్మాయిల జట్టుదే! బజర్ మోగగానే మా వెల్డా అమ్మమ్మ జనంలోంచి దూసుకొచ్చింది. డెబ్బై దాటిన మనిషి, ఆ నున్నటి నేల మీద పరుగు!

సరిగ్గా కోర్టు మధ్య గీత దగ్గర బ్రేకు వేసినట్టు ఆగిపోయింది.

"రా అమ్మమ్మా! కప్పు ఇక్కడుంది!" బుట్ట కింద నుంచి అరిచాను.

"ఎలా వస్తానే? విజిలేస్తారు!"

మా జట్టంతా గొల్లున నవ్వింది.

ఆమె కాలంలో ఇక్కడ ఆడపిల్లల జట్టుకి ఆరుగురు. ముగ్గురు గీతకి ఇవతల ఉండి అడ్డుకోవాలి, ముగ్గురు అవతల ఉండి బుట్టలో వేయాలి. ఎవరూ గీత దాటకూడదు. అడ్డుకోవడంలో అమ్మమ్మని మించినవాళ్లు లేరు. మూడు కప్పులు గెలిచింది, జన్మలో ఒక్క పాయింటు చేయలేదు.

"ఆ దిక్కుమాలిన గీతే లేకపోతేనా, మోత మోగించేదాన్ని!" అని టర్కీ కోడిని కోసిన ప్రతి పండక్కీ అంటుంది.

వెళ్లి చెయ్యి పట్టి లాగాను. కళ్లు గట్టిగా మూసుకుని గీత దాటింది. విజిల్ మోగలేదు. బంతి చేతిలో పెట్టాను.

అప్పటి రూలు ప్రకారం రెండేసార్లు నేలకి కొట్టి, విసిరింది.

బంతి బుట్టని కాదు కదా, వెనక పలకని కూడా తాకలేదు. నేరుగా వెళ్లి బ్యాండువాళ్ల పెద్ద డ్రమ్ము మీద పడింది. ఢాం!

హాలంతా ఉలిక్కిపడి అటు తిరిగింది. అమ్మమ్మ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వుతూ గీత మీదే కూలబడింది.

"ఓసి నా తల్లీ! ఇన్నేళ్లూ దీన్నా నేను తిట్టుకున్నది? నా పరువు కాపాడింది ఇదే!"