గమ్ము మిగలని టేపు

"పెళ్లిచూపులకా టేపు?"

అమీర్‌పేటలో హార్డ్‌వేర్ కొట్టు నడిపే హనుమాండ్లు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి మరీ అడిగాడు. ముప్ఫై ఏళ్లుగా తాళాలూ నల్లాలూ అమ్ముతున్నాడు కానీ, ఇలాంటి బేరం అతనికిదే మొదటిది.

"అవునన్నా. మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పికిల్‌బాల్ కోర్టు గియ్యాలె. ఆట అయినంక పీకేస్తే మరక ఉండొద్దు," అంది యశస్విని. నవ్వు ఆగక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆదివారం సాయంత్రం ఐదున్నరకి పంజాగుట్ట నుంచి సంబంధం వాళ్లొస్తున్నారు. ఇంతకు ముందొచ్చిన రెండు సంబంధాలూ సోఫాలోనే చల్లారిపోయాయి. ఒకళ్లు ఫ్యాను చూశారు, ఒకళ్లు గోడ చూశారు, మధ్యలో మిక్చరు మాత్రం ఖాళీ అయింది. "ఇదే ఆఖరు. ఇది సుత కుదరకపోతే ఇగ సంబంధాల మాట నా కాడ ఎత్తొద్దు," అని అమ్మ సుకన్య ఖరాఖండిగా చెప్పేసింది. యశస్వినికేమో ఇది కుదిరి తీరాలని ఒకటే ఆరాటం.

అందుకే మూడు వారాలుగా పంజాగుట్ట వాళ్ల తారక్‌తో ఫోన్లో మంతనాలు. ఉపాయం కూడా అతనిదే.

"సోఫాల కూసుంటే అందరు మంచోళ్లే. బ్యాటు పట్టుకుంటే అసలు మనిషి బయటపడతడు," అన్నాడు. వాళ్లింట్లో తండ్రీకొడుకులిద్దరికీ పికిల్‌బాల్ పిచ్చి, షటిల్ కోర్టంత జాగాలో చిన్న బ్యాట్లతో, ప్లాస్టిక్ బంతితో ఆడే ఆట. ఇక్కడ తల్లీకూతుళ్లిద్దరూ షటిల్ ఆడినవాళ్లే. ఆ మాట వినగానే యశస్విని మంచం మీద ఎగిరి గంతేసింది.

చిక్కల్లా కింది ఫ్లాటు కామరాజు గారితోనే. ఆయన అపార్ట్‌మెంట్ సెక్రటరీ. "ఏంటమ్మా, గీతలా? ఎండ వేడి ఇళ్లలోకి దిగకుండా మొన్ననే తెల్ల పెయింటు వేయించాం. గోరంత మరక పడినా ఆట అక్కడే ఆపించేస్తాను," అన్నాడు.

ఇదంతా విన్నాక హనుమాండ్లుకి హుషారెక్కింది. నాలుగు రకాల టేపులు దించి, జానెడు జానెడు ముక్కలు కొట్టు నేల మీదే అతికించాడు. రెండు చాయ్‌లు చెప్పాడు. చాయ్ అయ్యాక ఒక్కొక్కటీ పీకడం మొదలుపెట్టారు.

గోధుమరంగు ప్యాకింగ్ టేపు సగం వచ్చి సగం నేలనే పట్టుకుంది. ఫ్యాక్టరీల్లో నేలకి వేసే పసుపు టేపు చక్కగా లేచింది కానీ, కింద జిగురు వదిలింది. తెల్ల టేపు బాగానే ఉంది, తెల్ల నేల మీద ఎవరికి కనబడాలి?

"గిది చూడు. పెయింటర్లు కిటికీ అంచులకు ఏస్తరు," అంటూ నీలం టేపు చివర పట్టుకుని లాగాడు. సుతారంగా వచ్చేసింది. ఇద్దరూ వంగి నేల తడిమి చూశారు. ఏమీ లేదు. యశస్విని చప్పట్లు కొట్టింది, పక్కన మేకులు కొంటున్నాయన ఉలిక్కిపడ్డాడు.

గీతలన్నీ కలిపితే అరవై మీటర్ల పైచిలుకు. రోలు ఇరవై మీటర్లు. నాలుగు తీసుకుంది. మూలల్లో గుర్తుకి ప్లాస్టిక్ కోన్లు చూపిస్తే వద్దంది.

"కాలు తగిలి పడితే పెళ్లిచూపులు కాస్తా హాస్పిటల్ల అయితయన్నా."

"గట్లనా. అయితే నేల మీద సాపుగ పరిచే రబ్బరు పట్టీలు తీసుకపో. ఫికర్ చెయ్యకు తల్లీ, కుదురుతది!"

ఆదివారం మధ్యాహ్నం నుంచీ టెర్రస్ మీద హడావిడే హడావిడి. నలభై నాలుగు అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు. నెట్టుకి అటూ ఇటూ ఏడేసి అడుగుల దగ్గర ఇంకో గీత. యశస్విని మోకాళ్ల మీద పాకుతూ అతికిస్తుంటే, కామరాజు గారు వెనకాలే వచ్చి ఒక కొస గోటితో లేపి చూశాడు. పెయింటు చెక్కుచెదరలేదు. ఆయన మొహం విప్పారింది.

"అదేంటమ్మా, ఈ గీత వంకర పోయింది. ఉండు, దారం పట్టుకొస్తాను," అంటూ పంచె పైకి కట్టి ఆయనా పనిలోకి దిగాడు.

సుకన్య మూడు చీరలు మార్చి, ఐదు సార్లు పైకొచ్చి చూసింది. "ఎందుకే గిదంత? నలుగురు నవ్వుతరు."

"నవ్వనియ్యమ్మా! మనం సుత నవ్వుదాం!"

ఐదున్నరకి లిఫ్టు ఆగింది. ముందు తారక్, చంకలో మడత నెట్టు. వెనకాల వాళ్ల నాన్న విజయేందర్, ఒక చేతిలో స్వీట్ డబ్బా, ఒక చేతిలో బ్యాట్ల సంచీ. నమస్కారాలయ్యాయి. నీలం గీతలు చూసి విజయేందర్ "అబ్బ, మస్తున్నది కోర్టు!" అన్నాడు. అప్పటిదాకా టెర్రస్ గుమ్మంలోనే నిలబడ్డ సుకన్య కూడా ఫక్కున నవ్వేసింది.

నెట్టు కడుతూ తారక్ గొంతు తగ్గించాడు. "నాకు భయమైతుంది."

"నాకు సుత," అంది యశస్విని. ఆనందంతో ఆమెకి కాళ్లు నేల మీద నిలవడం లేదు.

నెట్టుకి అవతల విజయేందర్ బ్యాటు పట్టుకుని సిద్ధంగా నిలబడగానే, "పెళ్లికూతురిదే మొదటి సర్వ్!" అని తారక్ కేకేశాడు, యశస్విని పరుగున వెళ్లి బంతిని అమ్మ చేతిలో పెట్టింది.