ఎక్స్ఛేంజి గది

యూనివర్సిటీ అంతటా పాత వైర్లు పీకి, కొత్త కేబుళ్లు, వైఫై పెట్టెలు బిగించేసరికి ఆ మెకానిక్కు ఒళ్లు హూనమైంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజి గది ఒక్కటే మిగిలింది. అక్కడి ఆపరేటరు అతని భార్యే. ఈ పనితో ఆమె ఉద్యోగం పోతుంది. అందుకే పలకరించినా పలకడం లేదనుకుని, నెలరోజులుగా ఆ గదిని దాటేస్తున్నాడు.

ఇవాళ తప్పలేదు.

"ఏమే, ఇంకా కోపమేనా?" అన్నాడు గుమ్మంలోంచి. ఆమె తిరిగి చూడలేదు. దగ్గరికెళ్లి భుజం తట్టాడు.

ఉలిక్కిపడింది. "వచ్చారా! తొందరగా పీకెయ్యండి. నాకు చెవులు సరిగ్గా వినబడట్లేదు. ఎవరికి ఏ లైను కలుపుతున్నానో తెలీట్లేదు. గది మూసేశారని చెప్పి ఇంటికెళ్తే పరువైనా దక్కుతుంది."

అతను భుజాన ఉన్న నిచ్చెన దించి, ఆమెకు తన పెదాలు కనబడేలా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.