తలగడ పక్కన

"కర్టెన్ తీయకు, ఎండ కొడుతుంది," అంది అత్తగారు.

"గాలాడట్లేదత్తయ్యా!" అంటూ లాగబోయిన కోడలికి మొన్నటి ఆపరేషన్ కుట్లు చురుక్కుమన్నాయి. మంచం మీద కూలబడింది.

"నొప్పి మాత్ర ఇవ్వండి. వేళ దాటిపోయింది."

"ఓర్చుకో. అలవాటైపోతే?" మాత్రలు పెట్టిన బీరువా తాళంచెవి అత్తగారి గుప్పిట్లోనే ఉంది.

"డాక్టరు కొద్దిరోజులకే రాశారు. నొప్పి తగ్గితేనే కదా లేచి నడిచేది!"

"నా కడుపు కోసినప్పుడు నాకెవరిచ్చారు? దుప్పటి నోట్లో కుక్కుకున్నా."

"అడగలేదా?"

"అడిగాను. నాటకాలన్నారు మీ మామగారు."

ఆ గొంతులో గొప్ప లేదు.

భోజనాల దగ్గర కోడలు అత్తగారి ముందు చెయ్యి చాపింది. "తాళంచెవి ఇవ్వండి."

"అంతగా అయితే నా నడుంనొప్పి మాత్రొకటి వేసుకోరాదూ," అన్నాడు భర్త.

"మీ మాత్రలు నాకొద్దు. నాకు రాసినవే, రాసినన్నే, రాసిన వేళకే వేసుకుంటాను. ఇకనుంచి అవి నా తలగడ పక్కనే ఉంటాయి. వచ్చే నెల అత్తయ్య మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆవిడవి ఆవిడ తలగడ పక్కన ఉంటాయి. ఈ ఇంట్లో ఆవిడ కూడా ఇంకెవర్నీ బతిమాలక్కర్లేదు."