రేడియో మూగబోయిన వారం

"బొత్తాలు కుట్టడం ఒక్కటే మిగిలింది సార్. రేపు సాయంత్రం వచ్చారంటే తొడుక్కుని వెళ్ళిపోవచ్చు," అన్నాడు టైలరు, మెడలో టేపు సవరించుకుంటూ.

పోస్టుమాస్టరు తృప్తిగా తలూపాడు. నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నాడు. వీడ్కోలు సభకి జీవితంలో మొదటిసారి కోటు వేసుకోవాలని ముచ్చటపడుతున్నాడు.

"కోటు ఇంకా కత్తిరించనే లేదుగా నాన్నా. బట్ట ఆ సంచిలోనే ఉంది," అంది బల్ల కింద కూర్చుని గుడ్డముక్కలు ఏరుకుంటున్న ఎనిమిదేళ్ళ కూతురు.

ఆ పిల్లని వీధి వీధంతా రేడియో అంటుంది. నిద్ర లేచింది మొదలు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. సెలవులు కావడంతో వారం రోజులుగా ఆ మోత మేడమీది ఇంట్లోంచి కింద షాపులోకి దిగింది.

పోస్టుమాస్టరు సంచి తెరిచి చూశాడు. మడత కూడా విప్పని బట్ట. సంచి చంకలో పెట్టుకుని షాపు మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

టైలరుకి తల కొట్టేసినట్టయింది. ఆ కోపం ఎవరిమీద చూపించాలో తెలియక కూతురి మీద చూపించాడు.

"నేను మాట్లాడమనేదాకా నీ నోట్లోంచి ఒక్క మాట రాకూడదు. వచ్చిందా, మళ్ళీ ఈ షాపు గడప తొక్కనివ్వను. ఇంట్లోనూ అంతే."

కేకలు విని టైలరు తల్లి మేడమీంచి దిగొచ్చింది. సంగతంతా విని, "బాగా గడ్డి పెట్టావురా. పిల్లలకి ఆ మాత్రం భయం ఉండాలి," అని, బిక్కమొహం వేసిన మనవరాలిని చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళింది.

అది సోమవారం. గంటసేపు ఆగితే గొప్ప అనుకున్నాడు టైలరు. మంగళవారం పొద్దున రేడియో కిందికొచ్చి, తన చోట కూర్చుని, పెదవులు బిగించి గుడ్డముక్కలు ఏరుకుంది. బుధవారమూ అంతే. కుట్టుమిషను చప్పుడు తప్ప షాపులో ఏమీ వినిపించడం లేదు. ఆ చప్పుడు అంత పెద్దదని ఆయనకి అప్పుడే తెలిసింది.

"రేడియో పలకడం లేదేం?" అని వచ్చినవాళ్ళంతా అడుగుతున్నారు.

"రిపేరు," అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

పోనీ మాట్లాడమందామా అంటే, అలుసైపోతానేమోనని బింకం. తల్లి కూడా, "రెండు రోజులకే మెత్తబడకు, నీ మాటకి విలువుండదు," అంది.

గురువారం మధ్యాహ్నం వంగి జేబు కుడుతున్నవాడల్లా ఎవరో చొక్కా లాగుతున్నట్టయి తల తిప్పాడు. కూతురు. కళ్ళు ఇంతింత చేసుకుని వెనక్కి చూపిస్తోంది. ఇస్త్రీపెట్టె కింద పరిచిన దుప్పటి పొగలు కక్కుతోంది. ఒక్క గెంతులో వెళ్ళి స్విచ్చి తీసేశాడు.

"నోటితో చెప్పొచ్చుగా, పిచ్చిదానా?"

రేడియో వేలు పెదవుల మీద పెట్టుకుంది.

ఆయన కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు. "తప్పయిపోయింది తల్లీ. మాట్లాడు. నేనే చెప్తున్నాగా, మాట్లాడు."

పిల్ల నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

టైలరు తల్లిని కేకేశాడు. ఆమె వచ్చి చూసి కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకుంది. "బెదిరిపోయిందిరా. పాపిష్టిదాన్ని, నేనే నిన్ను ఎగదోశాను."

"శిక్షణకని ఊరెళ్ళిన నీ కోడలు ఆదివారం తిరిగొస్తుంది. ఏం చెప్పను దానికి? మాటలు దంచే పిల్లని అప్పజెప్పి వెళ్ళింది," అంటూ ఆయన ఆ సాయంత్రమంతా గదిలో అటూ ఇటూ తిరిగాడు.

శుక్రవారం పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ టార్చి వేసి గొంతు చూసింది.

"గొంతు నిక్షేపంలా ఉంది. పిల్ల బెదిరినట్టుంది. ఎందుకు తిట్టారు?"

టైలరు తల దించుకుని జరిగింది చెప్పాడు.

"అంటే, నిజం చెప్పినందుకా?"

ఆయన కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"దీనికి నా దగ్గర మందు లేదు. మాట ఎక్కడ ఆగిందో అక్కడికే తీసుకెళ్ళండి."

అక్కణ్ణుంచి తిన్నగా పోస్టాఫీసుకి నడిచాడు. కిటికీ ముందు నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళంతా వింటూ ఉండగానే, కూతురి చెయ్యి వదలకుండా, "సార్, ఆ రోజు నా కూతురు చెప్పిందే నిజం. అబద్ధం ఆడింది నేను. శిక్షేమో దానికి వేశాను," అన్నాడు.

పోస్టుమాస్టరు కళ్ళజోడు పైనుంచి తండ్రినీ కూతురినీ కాసేపు చూశాడు. బల్ల కిందనుంచి సంచి తీసి కిటికీలోంచి అందించాడు.

"ఇంతకీ కోటు ఎప్పటికిస్తావయ్యా?"

"ఎల్లుండికల్లా ఇచ్చేస్తాను సార్," అనేశాడు టైలరు అలవాటుగా.

"ఎల్లుండి ఎలా అవుతుంది నాన్నా? ముందు నాలుగు ప్యాంట్లు కుట్టాలిగా. వచ్చే బుధవారమని చెప్పు."

పోస్టాఫీసంతా గొల్లుమంది. టైలరు కూతురిని అమాంతం ఎత్తుకుని బొటబొటా కన్నీళ్ళు కార్చాడు. దారి పొడుగునా రేడియో మోగింది. నాలుగు రోజుల వార్తలూ ఒక్కసారే. ఒక్క ముక్కకీ ఆయన అడ్డు చెప్పలేదు.

ఇల్లు చేరగానే పిల్ల మేడమీదికి పరుగెత్తింది. ఈ శుభవార్త తన తల్లికి తనే చెప్పాలని టైలరు కూడా వెనకాలే మెట్లెక్కాడు. లోపల ఆమె మనవరాలితో అంటున్న మాట విని తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"ఇంకో రెండు రోజులు నటించి ఉంటే వాడిచేత అబద్ధాలే మాన్పించేవాళ్ళం కదే."