గొంతు మీద చెయ్యి

గాజు మీద టకటకమని చప్పుడైంది.

తారస్ తల తిప్పాడు. గోల్ వెనక, గాజుకు అవతల, అదే ముసలాయన. తారస్ చూడగానే అరచేతిని తన గొంతుకు ఆనించుకున్నాడు.

"మళ్ళీ మొదలెట్టాడు," అన్నాడు తారస్, గట్టి రబ్బరు బిళ్ళలాంటి పక్‌ను కర్రతో పక్కకు నెడుతూ.

"అటు చూడకు. పక్ మీద పెట్టు కళ్ళు," అన్నాడు మార్సెల్, గోల్ కాసే గోలీలకు తర్ఫీదిచ్చే కోచ్. "పెద్ద లీగ్ వాళ్ళు నిన్ను చూడ్డానికొస్తున్నారు. గుర్తుందా?"

తారస్‌కు ఇరవై ఏళ్ళు. కెనడాలో థండర్ బేలోని ఈ చిన్న ఐస్ హాకీ జట్టులో నిలదొక్కుకుంటే పెద్ద లీగ్ నుంచి పిలుపొస్తుంది. లేకపోతే నాన్నతో పాటు గోధుమ పొలమే.

ప్రాక్టీస్ అయ్యాక ముసలాయన గుమ్మం దగ్గర ఎదురయ్యాడు.

"బాబూ, ఆ గొంతు పట్టీ..." తారస్ మెడ వైపు వేలు చూపించాడు. "వేలాడేసుకోకు. కట్టుకో."

"కట్టుకుంటే తల తిరగదు తాతా. నువ్వు నిలబడు గోల్‌లో, తెలుస్తుంది."

ముసలాయన ముఖం పాలిపోయింది.

"రోజూ వెనక చేరి గొంతు చూపిస్తావు. శాపం పెడుతున్నావా?"

ముసలాయన తల వంచుకుని వెళ్ళిపోయాడు.

తారస్ కాపలావాడికి చెప్పాడు. మర్నాటి నుంచి ముసలాయనను లోపలికి రానివ్వలేదు.

కానీ ఆ చెయ్యి వెళ్ళలేదు. వెనక ఎవరూ లేరని తెలిసీ తారస్ తిరిగి చూసేవాడు. ఖాళీ గాజు. తన మెడ మీదే ఎవరో చల్లటి అరచెయ్యి ఆనించినట్టుండేది.

ఒక ఉదయం విసుగెత్తి పట్టీ బిగించి కట్టుకున్నాడు.

"ఏరా, ముసలాడు కలలోకొచ్చాడా?" అని నవ్వారు తోటివాళ్ళు.

ఆ పూటే ఎవరి కర్రకో తగిలి పక్ పైకి లేచింది. ముసుగు అంచు కింద, సరిగ్గా గొంతు మీద పడింది.

తారస్ మంచు మీద కూలిపోయాడు. కాసేపటికి ఊపిరి అందింది. మార్సెల్ పట్టీ విప్పాడు. లోపలి గట్టి రేకు రెండు ముక్కలైంది.

"ఇదే గనక లేకపోతే..." అన్నాడు మార్సెల్.

కాపలావాడు చెప్పిన ముసలాయన పేరూ, ఇంటి గుర్తులూ పట్టుకుని తారస్ రేవు దగ్గరి ఇంటికి వెళ్ళాడు. తలుపు తీసిందొక పెద్దావిడ.

"వెయ్కో గారున్నారా?"

"నేను వాడి అక్కను. మొన్న ఆదివారమే పూడ్చిపెట్టాం బాబూ."

"నేను గోలీని. ఆయన్ను లోపలికి రానివ్వొద్దని చెప్పింది నేనే," అన్నాడు తారస్ గుమ్మంలోనే నిలబడి.

"గుండె జబ్బు. పాతదే. నీ వల్ల కాదులే, లోపలికి రా. కాఫీ తాగుదువు గాని."

గోడ మీద ఫొటోలో పాతకాలం ముసుగు చంకలో పెట్టుకుని నవ్వుతున్న కుర్రాడు.

"ఆయన కొడుకా?"

"వెయ్కోకి పిల్లల్లేరు. వాడు ఓలి, మా చిన్నతమ్ముడు. నీలాగే గోలీ. మీరాడే ఆ మంచు రింకులోనే గొంతుకు పక్ తగిలి పోయాడు. అప్పట్లో ఈ పట్టీలెక్కడివి?"

తారస్ కప్పు కింద పెట్టాడు.

"అందుకేనా... ఎప్పుడూ గోలీ వెనకే నిలబడేవారు?"

"ఎదురుగా నిలబడాలంటే వాడికి భయం," అందావిడ మెల్లగా. "ఆ రోజు ఓలి మీదికి ఆ పక్ కొట్టింది వెయ్కోనే."