మొండయ్య బాప్తిస్మం

మూడోసారి అడిగినా మొండయ్య నోరు విప్పలేదు.

తాపీ నదిలో నడుము లోతున ఇద్దరూ నిలబడి ఉన్నారు. ప్రభువును నీ రక్షకుడిగా నమ్ముతున్నావా అన్నదే పాస్టర్ రవీంద్ర ప్రశ్న. నమ్ముతున్నానంటే చాలు, నీళ్లలో ముంచి లేపుతాడు. మొండయ్య గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాడు.

రవీంద్రకు ఒళ్లు మండింది. చెయ్యెత్తి ఒడ్డు చూపించాడు. మొండయ్య తలవంచుకుని వెళ్లిపోయాడు.

నిజానికి రవీంద్ర ఇది ముందే ఊహించాడు. కరీంనగర్‌లో బైబిలు చదువు పూర్తిచేసి, సూరత్‌లో మన నేతవాళ్ల సంఘానికి కాపరిగా వచ్చినవాడాయన. వాళ్లు పనిచేసే కార్ఖానా గడప ఏనాడూ తొక్కలేదు గానీ, ఎవరి విశ్వాసం ఎంతో ముఖం చూసి చెప్పగలనని గట్టి నమ్మకం.

ఒకప్పుడు ఆయనకు మొండయ్యే ముద్దుబిడ్డ. బమ్రోలి కార్ఖానాలో వారమంతా సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసి అలసిపోయినా, ఆదివారం అందరికంటే ముందొచ్చి మొదటి వరసలో కూర్చునేవాడు. కన్నార్పకుండా పాస్టర్ ముఖమే చూసేవాడు. చివర్లో వాక్యం పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. ప్రార్థనలో మాత్రం కళ్లు మూసేవాడు కాదు. కొత్త విశ్వాసి, మెల్లగా నేర్చుకుంటాడులే అని రవీంద్ర సర్దుకున్నాడు.

లాక్‌డౌన్‌తో అంతా చెడింది. సంఘం ఫోన్‌లోకి మారింది. పొద్దున్నే అందరూ లైన్లోకి వచ్చి ప్రార్థించేవారు, మొండయ్య తప్ప. ఫోన్ చేస్తే భార్య ఎల్లవ్వ ఎత్తి, పడుకున్నాడనేది. సాంచాలు ఆగి తిండికే కరువైన రోజుల్లో దేవుణ్ణి పట్టుకోవాల్సింది పోయి ఈ నిద్రేమిటని రవీంద్ర బాధపడ్డాడు.

మందిరం మళ్లీ తెరిచారు. దూరం దూరంగా కుర్చీలు, అందరికీ మాస్కులు, గుమ్మంలో శానిటైజరు. మొండయ్య వచ్చాడు గానీ మునుపటి మనిషి కాదు. ప్రసంగం సాగుతుంటే కిటికీలోంచి బయటకు చూసేవాడు. వాక్యం చెప్పమంటే తెల్లముఖం వేసేవాడు. చల్లారిన విశ్వాసం గురించి రవీంద్ర ఓ ఆదివారమంతా అతన్ని చూస్తూనే దులిపేశాడు. మనిషిలో చలనం లేదు.

అలాంటివాడు తనంతట తనే వచ్చి అడిగాడు.

"నాకు బాప్తిస్మం ఇయ్యుండ్రి సారూ. అది లేకుంట నేను సావద్దు."

మనసొప్పకపోయినా రవీంద్ర తలూపాడు. నలుగురి ముందూ నోటితో ఒప్పుకుంటేనే ముంచుతానని లోపల అనుకున్నాడు.

మొండయ్య ఒప్పుకోలేదు. ఆ తర్వాత మందిరానికీ రాలేదు. రెండో వేవ్‌లో ఆస్పత్రిలో పోయాడు. శవాన్ని కూడా ఇంటికి ఇవ్వలేదు.

రవీంద్ర పరామర్శకు వెళ్లేసరికి ఎల్లవ్వ గడపలో కూర్చుని ఉంది. ఏడ్చే ఓపిక కూడా అయిపోయింది ఆమెకు.

"దేవుడు నన్ను వద్దన్నడే అనుకుంటనే పోయిండు సారూ," అంది. "ఎందుకు ఎల్లగొట్టిండ్రు?"

"మూడుసార్లు అడిగానమ్మా. నమ్ముతున్నానని ఒక్క మాట అనలేదు."

ఎల్లవ్వ గోడ పట్టుకుని లేచింది.

"సేటుకు తెలిస్తే పని పోతదని ఎవలికీ చెప్పలే గని, సాంచాల మోతకు ఆయన చెవులు ఎన్నడో పోయినయి సారూ, మీ పెదవులు కదిలేది చూసే ఇన్నేండ్లు వాక్యం నేర్సుకున్నడు, గా దినం మీ మూతికి మాస్కుండె."