నాలుగో తొట్టి

“అమ్మాయ్, తినేవాళ్ళే లేని ఇంట్లో అన్నం ఎలా అయిపోయింది?” అన్నారు గైడు సీతారామయ్య గారు, నాలుగో గాజు తొట్టికి ముక్కు ఆనించి.

ఉదయశ్రీ నీళ్ళు నమిలింది. నిజానికి ఆ ల్యాబులో నీళ్ళు నమలాల్సింది ఆవిడ కాదు, ఆల్చిప్పలు. నీటిని లోపలికి పీల్చి, అందులోని నాచును జల్లించి తిని, శుభ్రమైన నీటిని బయటికి వదలడం వాటి బతుకు. ఏ చిప్ప ఎంతసేపట్లో ఎంత నీటిని తేరుస్తుందో కొలవడం ఉదయశ్రీ బతుకు. కిటికీ అవతల మాదాపూర్ అంతా కంప్యూటర్ చిప్పుల వెంట పరుగెడుతుంటే, ఆవిడ ఆరు నెలలుగా చిప్పల వెంట పడింది.

పద్ధతి చిన్నదే. నాలుగు తొట్లు, నాలుగింటి అడుగునా ఇసుక. మూడింటిలో ఎనిమిదేసి ఆల్చిప్పలు. నాలుగో దాంట్లో ఏమీ ఉండవు. పొద్దున్న తొమ్మిదికి నాలుగింటిలోనూ ఒకే కొలతగా పచ్చనాచు కలుపుతుంది. మధ్యాహ్నానికి మూడు తొట్లు తేరుకోవాలి, నాలుగోది పచ్చగానే ఉండాలి. అప్పుడే ఆ తేటదనం చిప్పల చలవ అని చెప్పే వీలుంటుంది. ఆరు నెలలూ అలాగే జరిగింది. మూడు గంటలకు కమిటీ వాళ్ళు కళ్ళారా చూడ్డానికి వస్తున్న ఈ సోమవారం మాత్రం, కాస్త ఆలస్యంగానైనా నాలుగో తొట్టి కూడా తేరుకుంది.

ఉదయశ్రీ తేరుకోలేదు.

“నాచు దానంతటదే అడుక్కి దిగిపోతోంది, చిప్పలు చేసిందేమీ లేదు అంటారు వాళ్ళు,” అన్నారు సీతారామయ్య గారు. “ఆ మాట అన్నాక నీ థీసిస్ ఉండదు, నా ప్రాజెక్టు ఉండదు. ఇద్దరి చేతికీ మిగిలేది చిప్పే.”

ఊడ్చే పని ముగించుకుని హఫీజ్‌పేట్‌లోని ఇంటికి బయల్దేరుతున్న రుక్కమ్మ గుమ్మంలో ఆగింది. చంకలో స్టీలు డబ్బా. కూతురి ఎంగేజ్‌మెంట్ లడ్డూలు పొద్దున్నే అందులో తెచ్చింది. ఉదయశ్రీ రెండు తిని, మిగిలినవి కాగితంలో కట్టుకుని, డబ్బా కడిగి తుడిచి మరీ తిరిగిచ్చింది.

“రుక్కమ్మా, ఈ తొట్టిలో నీళ్ళు మార్చావా? మురికనుకుని?”

“నాకు ఎరుక లేదా అమ్మా, ఆ పచ్చనీళ్ళు మీకు పానమని? పొద్దుగాల సంది ముట్టలే. మా యశస్విని మీద ఒట్టు.”

“పెళ్ళి కావాల్సిన పిల్ల మీద ఒట్టెందుకు?”

“మరెవరి మీద పెట్టాలె? సారు మీద పెడితే సారు ఊకుంటడా?”

సారు వినే స్థితిలో లేరు. టెలిఫోను దగ్గరికి నడిచారు. “దాచడం నా వల్ల కాదమ్మా. వాళ్ళొచ్చి ముక్కున వేలేసుకునే కంటే, మనమే ముందు చెప్పడం మర్యాద.”

“ఒక్క నిమిషం సార్. నాచు అడుక్కి దిగితే ఇసుక మీద పచ్చటి పొర ఉండాలి కదండీ?”

ఆయన రిసీవర్ ఎత్తి కమిటీ వాళ్ళ నంబరు నొక్కసాగారు. ఉదయశ్రీ గాజులు పైకి తోసుకుని చెయ్యి మోచేతిదాకా ముంచింది. ఇసుక మీద పొర లేదు. వేళ్ళతో కెలికింది. ఏదో గట్టిగా తగిలి, ముట్టుకోగానే మూసుకుంది. బయటికి తీసింది. అరచేయంత ఆల్చిప్ప. ఇంకాస్త పక్కన మరొకటి. ఒళ్ళంతా ఇసుకలో దాచుకుని, కొస మాత్రం పైకి పెట్టి, రెండూ పొద్దుటినుంచి సుష్టుగా భోంచేస్తున్నాయి.

“సార్, ఫోను పెట్టేయండి. ఇంట్లో తినేవాళ్ళున్నారు.”

సీతారామయ్య గారు ఆ రెండు చిప్పల్నీ చేతిలోకి తీసుకుని కుర్చీలో కూలబడ్డారు. పావుగంటగా బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలేసరికి బల్ల మీది కాగితాలు కదిలాయి. తర్వాత నవ్వారు. ఉదయశ్రీ నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది.

“ఉన్నాయని మనకే తెలీని చిప్పలు పని చేసి చూపించాయి. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? జరిగింది జరిగినట్టు చెబుదాం. ఇవి తీసేసి, వాళ్ళ ఎదుటే మళ్ళీ నాచు కలుపుదాం. ఈసారి పచ్చగానే ఉంటుంది,” అని చిప్పల్ని అటూ ఇటూ తిప్పారు. “ఇంతకీ మనవాటి మీద నంబర్లుంటాయి. వీటికి లేవే?”

ఇద్దరూ ఒకేసారి గుమ్మం వైపు చూశారు.

“పొద్దుగాల సంది ముట్టలేదన్న,” అంది రుక్కమ్మ. “శనివారం సంగతి మీరు అడగలే.”

“శనివారం ఏమైంది?”

“ఎంగేజ్‌మెంట్‌ల షర్బత్ కలపనీకి పెద్ద గిన్నె దొరకలే. గీ తొట్టి ఎన్నడు జూసినా చిప్పల్లేక ఖాళీగనే ఉండె. తాళం నా కాడనే ఉండె. తీస్కపోయిన. అద్దాల తొట్ల షర్బత్ జూసి వియ్యపోళ్ళ కండ్లు తిరిగినయ్. నిన్న మూడుసార్లు కడిగి, మీ ఇసుక మీకే పోసి, నీళ్ళు పట్టి, యాడిది ఆడ పెట్టిన. జర తప్పయితే మాఫ్ చెయ్యండి.”

“కడిగావు, పెట్టావు, బాగుంది,” అంది ఉదయశ్రీ. “మరి ఏ చెరువులోవో చిప్పలు తెచ్చి ఇందులో వెయ్యడం ఎందుకు?”

రుక్కమ్మ చంకలోని డబ్బా మూత తీసి, తళతళలాడుతున్న దాని అడుగును ఒకసారి చూసి, మళ్ళీ మూత పెట్టింది.

“ఒకరింటి గిన్నె తెచ్చుకున్నంక, ఒట్టిగ తిరిగిస్తరా అమ్మా?”